రాసిచ్చే ముందు, రాయించుకునే ముందు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకురాలిని కాను. బీఈడీ చదివి, కొన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్‌గా ఉన్నాను. రోజూ నా పని బియ్యం లెక్క, కూరగాయల లెక్క, జ్వరమొచ్చిన పిల్లల లెక్క. మన పండుగలు, మన డోలు, మన భాష గురించి ఇక్కడ నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు. నన్ను మాట్లాడమన్నప్పుడు, హాస్టల్ గేటు దగ్గర నేను చూసిన ఒక సంగతే చెబుతానన్నాను. అమ్మానాన్నలు బతికుండగానే పిల్లలకు రాసిచ్చే ఆస్తి సంగతి అది.

రెండేళ్ల కిందట మా హాస్టల్‌లో ఇంటర్ చదివే అమ్మాయి ఒకామె తండ్రి చనిపోయాడని ఇంటికెళ్లింది. దినాలు అయ్యాక తిరిగొచ్చింది గానీ పుస్తకం పట్టలేదు. పిలిచి అడిగితే చెప్పింది. "మేడమ్, చెరువు కింద ఎకరం నీదేనని మా అయ్య పెద్ద మనుషుల ముందే అన్నాడు. ఇప్పుడు మా పెదనాన్న, బాబాయి మన కోయల్లో ఆడపిల్లకి భూమి ఎక్కడుందే అంటున్నారు." కాగితం ఏమైనా ఉందా తల్లీ అని అడిగాను. లేదంది. మాట విన్న పెద్ద మనుషులు ఏమంటున్నారని అడిగాను. ఇద్దరు లేరు, ఒకాయన గుర్తులేదంటున్నాడంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా అయ్య నాకు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం వల్ల నాకు మేలు జరిగింది, మా అయ్యకు కష్టం వచ్చింది. ఆ కష్టం సంగతి చివర్లో చెబుతాను. ముందు పాఠం.

ఏ భూమి ఇవ్వొచ్చు, ఏది ఇవ్వలేం

మన ఇళ్లలో భూమి అంటే అంతా ఒకటే అనుకుంటాం. కాగితం దగ్గరికొస్తే అది మూడు నాలుగు రకాలు. ఇంటికెళ్లి ట్రంకు పెట్టె తెరిచి చూడండి.

మొదటిది పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన హక్కు పత్రం. ఇది వారసత్వంగా పిల్లలకు వస్తుంది. కానీ అమ్మడానికి, దానం చేయడానికి, ఇంకొకరి పేర బదిలీ చేయడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది. కాబట్టి "మా నాన్న పోడు పట్టా నాకు గిఫ్ట్ రాస్తాడు" అనే మాటే లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని స్టాంపు కాగితం మీద రాసిస్తే ఆ కాగితానికి విలువ ఉండదు. ఇందులో ఒక మంచి ఉంది. పెళ్లయినవాళ్లకు ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. మీ ఇంటి పట్టాలో అమ్మ పేరుందో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే గ్రామసభలో, ఐటీడీఏలో అడగండి.

రెండోది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి, మనం డీకే పట్టా అంటాం. దీని బదిలీ మీద 1977 చట్టం ఆంక్షలున్నాయి. దానం కూడా బదిలీయే. గోదావరికి ఇటు తెలంగాణలో ఉన్న మనకూ, అటు చింతూరు, కూనవరం వైపు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లినవాళ్లకూ ఇప్పుడు నిబంధనలు ఒకేలా లేవు. తహసీల్దారు ఆఫీసులో అడగకుండా ఏమీ రాయించొద్దు.

మూడోది సొంత పట్టా భూమి. ఇందులో మళ్లీ రెండు. తాతల నుంచి వచ్చింది, నాన్న కష్టపడి కొన్నది. కొన్నది ఆయన ఇష్టం, ఎవరికైనా ఇవ్వొచ్చు. తాతల నుంచి వచ్చినదాంట్లో అన్నదమ్ముల వాటాలు కలిసి ఉంటే, ఆయన తన వాటా వరకే మాట్లాడగలడు. పక్కవాడి వాటాను దానం చేసే హక్కు ఎవరికీ లేదు. వాటాలు తేలకుండా రాసిన గిఫ్ట్ డీడ్లే రేపు కోర్టు కాగితాలవుతాయి.

"ఎవరికైనా" అన్నానని పొరపాటు పడొద్దు. మనది ఏజెన్సీ. 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, అదే మనం చెప్పుకునే వన్ ఆఫ్ సెవెంటీ. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరుకు బదిలీ అయితే చెల్లదు. ఆ బదిలీ అనే మాటలో అమ్మకంతో పాటు కౌలు, తాకట్టు, దానం అన్నీ ఉన్నాయి. కాబట్టి బయటి కులం అబ్బాయిని చేసుకున్న మన అమ్మాయికి తండ్రి భూమి రాసివ్వొచ్చు. ఆమె పుట్టుకతో గిరిజనురాలు, పెళ్లితో అది పోదు. కానీ అల్లుడి పేర రాయడానికి వీల్లేదు. "అల్లుడే కదా" అనే ప్రేమతోనే మన భూములు కొన్ని చేయి దాటాయి.

ఆడపిల్ల వాటా

ఇప్పుడు చెల్లెళ్లు జాగ్రత్తగా వినాలి, తమ్ముళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి.

"2005లో చట్టం మారింది కదా, ఆడపిల్లకీ సమాన వాటా వచ్చింది కదా" అని కాలేజీలో మీరు చదివుంటారు. నిజమే, అది హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ. కానీ 1956 నాటి ఆ చట్టంలోనే రెండో సెక్షన్‌లో ఒక మాట ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన ఆచారాలను కాపాడాలని పెట్టిన మాట అది. అందువల్ల మన ఇళ్లలో వారసత్వం ఎలా నడవాలన్నది ఆచారం మీద ఆధారపడింది. ఆ ఆచారాన్ని చెప్పేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే.

కోర్టులు ఏమన్నాయో చూడండి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఆ చట్టం కింద గిరిజన మహిళ వాటా అడగలేదని చెబుతూనే, ఇది మార్చే సంగతి ఆలోచించమని కేంద్రానికి సూచించింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌లోని గోండు కుటుంబం కేసు వచ్చింది. తాత ఆస్తిలో తమ తల్లి వాటా కావాలని ఆమె పిల్లలు అడిగారు. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి, ఆడపిల్ల అన్న కారణంతో కాదనడం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని కోర్టు వాళ్లకు వాటా ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో హిమాచల్‌ప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో, హిందూ వారసత్వ చట్టం గిరిజనులకు వర్తించదని మళ్లీ చెప్పింది.

అంటే తలుపు మూసీ లేదు, పూర్తిగా తెరిచీ లేదు. మా హాస్టల్ అమ్మాయి ఇవాళ కోర్టుకెళితే గెలవొచ్చు. గెలిచేసరికి ఆమె పిల్లలు ఇంటర్‌కి రావొచ్చు. అందుకే నేను చెప్పేదొకటే. మిగతా వాళ్లకు గిఫ్ట్ డీడ్ ఒక సౌకర్యం. మన ఆడపిల్లలకు అది చాలాసార్లు ఉన్న ఒకే ఒక్క రక్ష. తండ్రి బతికుండగా రాసిస్తే అది వారసత్వం కాదు, ఆయన ఇష్టపూర్వకంగా చేసిన దానం. దానికి ఆచారం రుజువు చేయాల్సిన పని లేదు.

నోటి మాట, గిఫ్ట్ డీడ్, వీలునామా

నోటి మాటతో భూమి దానం చెల్లదు. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చామన్నా, పంచాయితీలో చెప్పామన్నా, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి సంతకాలు పెట్టామన్నా అంతే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం భూమి, ఇల్లు దానం ఇవ్వాలంటే కాగితం రిజిస్టరు కావాలి. ఇచ్చేవాళ్లు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి, కనీసం ఇద్దరు సాక్షులుండాలి. తీసుకునేవాళ్లు, ఇచ్చేవాళ్లు బతికుండగానే ఒప్పుకోవాలి. పిల్లలు చిన్నవాళ్లయితే సంరక్షకులు ఒప్పుకోవచ్చు. తెలంగాణలో సాగు భూమికి తహసీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ వైపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు.

గిఫ్ట్ డీడ్ రిజిస్టరైన రోజునే ఆస్తి చేతులు మారుతుంది. తర్వాత మనసు మారిందని రద్దు చేయడం కుదరదు. "నాకిష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకుంటాను" అని అందులో రాస్తే ఆ దానమే చెల్లదు. వీలునామా అలా కాదు. అది రాసినవాళ్లు పోయాకే అమలవుతుంది. ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. కానీ వీలునామా మీద గొడవలు రాసినాయన లేనప్పుడే మొదలవుతాయి, సమాధానం చెప్పడానికి ఆయన ఉండడు.

ఇంకో రెండు సంగతులు అందరూ మర్చిపోతారు. ఒకటి, రాసిచ్చాక ఆ కొడుకో కూతురో తల్లిదండ్రుల కంటే ముందే చనిపోతే ఆ భూమి తనంతట తాను వెనక్కి రాదు. చనిపోయినవాళ్ల ఆస్తిగా వాళ్ల వారసులకు వెళుతుంది. రెండు, ఇప్పుడిచ్చిన ఎకరం రేపటి వాటాలో కోత పడుతుందా, అదనమా అన్నది. చట్టం తనంతట తాను కోత వేయదు. కానీ గూడెంలో మాత్రం "నీకు అప్పుడే ఇచ్చేశారుగా" అంటారు. కాబట్టి "ఇది నా కూతురికి వాటా కింద ఇస్తున్నాను" అనో, "వాటాతో సంబంధం లేకుండా ఇస్తున్నాను" అనో కాగితంలోనే స్పష్టంగా రాయించాలి. ఒక్క వాక్యం అన్నాచెల్లెళ్ల మధ్య పదేళ్ల మాటలను కాపాడుతుంది.

పన్ను గురించి

"గిఫ్ట్ రాయించుకుంటే పన్ను పడుతుందంట మేడమ్" అని చాలామంది భయపడతారు. ఇంకొందరు "మనం ఎస్టీలం, మనకు ఇన్‌కం ట్యాక్సే లేదు" అంటారు. రెండూ తప్పే.

ముందు రెండోది. షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నమాట నిజం. కానీ అది నాగాలాండ్, మిజోరం, మణిపూర్, త్రిపుర, అరుణాచల్‌ప్రదేశ్, ఆరో షెడ్యూలులోని కొన్ని ప్రాంతాలు, లద్దాఖ్, ఇలా చెప్పిన చోట్ల ఉండేవాళ్లకు, అక్కడ వచ్చే ఆదాయానికి మాత్రమే. మనది ఐదో షెడ్యూలు ప్రాంతం. మనకు అది వర్తించదు. ఉద్యోగం చేస్తున్న తమ్ముళ్లు అందరిలాగే లెక్క చూసుకోవాలి.

ఇప్పుడు మొదటిది. దానాల మీద 1958లో వచ్చిన పన్ను 1998 అక్టోబరు 1 నుంచి లేదు. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను 1985లోనే పోయింది. ఇప్పుడున్నది ఇంతే. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలకు మించి ఊరికే డబ్బు వస్తే, అదంతా తీసుకున్నవాళ్ల ఆదాయంగా లెక్కిస్తారు. అమ్మానాన్నలు, తాత, అమ్మమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామ, మేనత్త, బాబాయి, ఇలాంటి దగ్గరి బంధువులు ఇస్తే ఎంతైనా పన్ను లేదు. స్నేహితుడు ఇస్తే మాత్రం ఆ పరిమితి వర్తిస్తుంది. వరసకు బావ అయినా పెదనాన్న కొడుకు అయినా చట్టం దృష్టిలో ఈ బంధువుల జాబితాలో లేరు. మన వరసలు చాలా పెద్దవి, చట్టం వరసలు చిన్నవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి పాత సెక్షన్ నంబర్లు బట్టీ పట్టకండి, సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇచ్చేటప్పుడు పన్ను లేదు. ఆ తర్వాత వచ్చే ఆదాయం మీద ఉండొచ్చు. నాలుగు ముక్కల్లో చెబుతాను.

ఒకటి. 18 ఏళ్లు నిండని పిల్లల పేర డబ్బు డిపాజిట్ వేస్తే, దాని వడ్డీని తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఆదాయంలో కలుపుతారు. పిల్ల తన ప్రతిభతో, తన కష్టంతో సంపాదించుకున్నది మాత్రం పిల్లదే. 18 నిండాక వడ్డీ ఆ పిల్లల ఆదాయమే. కోడలికి అత్తమామలు రాసిచ్చిన ఆస్తి మీద ఆదాయాన్ని కూడా ఇచ్చినవాళ్లకే కలుపుతారు.

రెండు. నగదు. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో 2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. కన్న తండ్రి ఇచ్చినా అంతే. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. పోలవరం ముంపు పరిహారం వచ్చిన ఇళ్లలో ఇది తెలియాలి. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. దాన్ని పిల్లలకు ఇచ్చినా పన్ను లేదు. కానీ బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు పంపండి, "నా కూతురి చదువు కోసం ఇచ్చాను" అని ఒక కాగితం రాసి పెట్టుకోండి. తర్వాత దాని మీద వచ్చే వడ్డీకి పన్ను లెక్క ఉంటుంది.

మూడు. సాగు మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. పట్టణానికి దూరంగా ఉన్న పల్లె సాగు భూమి అమ్మినా లాభం మీద పన్ను పడదు. ఆ దూరం పట్టణం జనాభాను బట్టి 2 నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉంటుంది.

నాలుగు. పట్టణంలో ప్లాటు సంగతి వేరు. ఉదాహరణకి ఒక నాన్న 2005లో ఖమ్మంలో 1 లక్షకి ప్లాటు కొన్నాడు. 2020లో కూతురికి గిఫ్ట్ రాశాడు. ఆమె ఇప్పుడు 11 లక్షలకి అమ్మింది. "నాకు ఊరికే వచ్చింది కాబట్టి 11 లక్షలూ లాభమా?" కాదు. "గిఫ్ట్ రాసిన రోజు ధర నుంచి లెక్కా?" అదీ కాదు. నాన్న పెట్టిన 1 లక్షే ఆమె ఖరీదు, నాన్న కొన్న 2005 నుంచే కాలం లెక్క. లాభం 10 లక్షలు. 12.5 శాతం అంటే 1,25,000, పైన సెస్. 2024 జులై 23 కంటే ముందు కొన్న స్థలమైతే ధరల పెరుగుదల కలిపి 20 శాతం లెక్క కూడా చూసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 12 లక్షల వరకు పన్ను లేదన్న రిబేటు ఈ లాభానికి వర్తించదు. కాబట్టి నాన్న కొన్నప్పటి పాత దస్తావేజు పారేయకండి. గిఫ్ట్ డీడ్‌తో పాటు అదీ అడిగి తీసుకుని దాచుకోండి.

ఇవి కాక రిజిస్ట్రేషన్ రోజున స్టాంపు డ్యూటీ, ఫీజులు ఉంటాయి. ప్రభుత్వ మార్కెట్ విలువ మీద లెక్క కడతారు. కుటుంబ సభ్యులకు రాస్తే బయటివాళ్లకు రాసినదాని కంటే తక్కువ. ఎంతన్నది ఆఫీసులో అడిగి తెలుసుకోండి, దళారిని అడక్కండి.

మా అయ్య సంగతి

ఇక నా కథ. మా అయ్య తునికాకు కల్లేదారుగా పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టి మన కోయాయన దగ్గరే ఎకరం పావు కొన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన తర్వాత, 2011లో, దాన్ని నా పేర గిఫ్ట్ రాశాడు. "అన్నకు తాతల భూమి ఉంది, నీకు నా చేతి భూమి" అన్నాడు. మా అన్న మొహం చిన్నబోయింది, కానీ సాక్షి సంతకం పెట్టాడు. నేను సంబరపడ్డాను. కాగితం చదవలేదు. పిల్లలకు పాఠం చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పేదాన్ని నేనే.

పాసుపుస్తకం నా పేరుకు మారింది. సాగు మాత్రం అయ్యే చేసేవాడు. మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం, పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రుల మధ్య గేటు బయట మా అయ్య నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, చేతిలో కాగితాలు. ఎండలో గంట పైన నిలబడ్డాడట. నేను స్టోరు రూములో ఉన్నానని ఎవరితోనూ చెప్పి పంపలేదు. పంట రుణం కోసం బ్యాంకుకెళితే, "భూమి నీది కాదు తాతా, నీ కూతుర్ని తీసుకురా" అన్నారట. తాను కొన్న భూమి మీద అప్పు తెచ్చుకోవడానికి నా సంతకం అడగడానికి వచ్చాడు. "నీకు పని ఉంటే తర్వాత వస్తాలే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తప్పు ఎవరిది? ఆయన ప్రేమది కాదు. కాగితం చదవని నాది. రాయించేటప్పుడు రెండు వాక్యాలు కలిపి ఉంటే సరిపోయేది. ఒకటి, "నేను, నా భార్య బతికున్నంత కాలం ఈ భూమి మీద అనుభవ హక్కు మాకే ఉంటుంది." ఇలా అనుభవం తమ దగ్గరే ఉంచుకుని రాసిచ్చిన రిజిస్టర్డ్ దానం చెల్లుతుందని 2014లో మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండు, "మా తిండి, వైద్యం, నివాసం నా కూతురు చూసుకోవాలనే షరతుతో ఇస్తున్నాను." ఈ రెండో వాక్యానికి బలం 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. 60 ఏళ్లు నిండినవాళ్లు అలాంటి షరతుతో రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దానాన్ని రద్దు చేయమని అడగొచ్చు. షరతు ఉందా లేదా అన్నది కోర్టులు చూస్తాయి. వృద్ధుల వైపు ఉదారంగా చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వాక్యం రాసి ఉంటే ముసలివాళ్లు కోర్టు దయ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఆ షరతు రాయమని అమ్మానాన్నలు అడగరు. "పిల్లల మీద నమ్మకం లేదా అంటారు" అని సిగ్గుపడతారు. కాబట్టి రాయించుకునే మనమే అడగాలి. "అయ్యా, ఈ మాట కూడా రాయించు" అని పిల్లలే అంటే అందులో అవమానం ఉండదు. ఇవాళ ఈ సభలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. అమ్మానాన్నలు ఆడపిల్లను మరవకుండా రాయాలి. పిల్లలు అమ్మానాన్నలను మరవకుండా రాయించుకోవాలి.

పండుగకు ఇంటికెళ్లినప్పుడు

రేపు ఇంటికెళ్లాక ఈ పనులు చేయండి. ట్రంకు పెట్టెలో ఉన్న ప్రతి భూమి కాగితం ఏ రకమో ఒక నోటుబుక్కులో రాయండి. పోడు పట్టాలో అమ్మ పేరుందో లేదో చూడండి. ఆడపిల్లలకు నోటి మాటతో ఇచ్చిన భూమి ఉంటే, ఇచ్చినవాళ్లు బతికుండగానే రిజిస్టరు చేయించండి. పాసుపుస్తకం పేరు మారితే పంట రుణం, రైతు పథకాల డబ్బు ఎవరికి వస్తుందో, ఏది ఆగుతుందో ముందే కనుక్కోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ జరిగిందో లేదో చూడండి. కాగితం తయారయ్యాక అమ్మానాన్నలకు మన భాషలో చదివి వినిపించండి. అది మీ చదువుకు మొదటి పరీక్ష. డబ్బు లేనివాళ్లు, గిరిజనులు, మహిళలు మండల న్యాయ సేవా కమిటీ దగ్గర ఉచితంగా న్యాయ సలహా అడగొచ్చు. అది మీ హక్కు.

చివర్లో ఒక తమ్ముడు అడిగాడు, "అక్కా, ఉన్న రెండెకరాల్లో చెల్లికి సగమిస్తే నేనేం తినాలి?" అని. మంచి ప్రశ్న. భూమి తక్కువైనప్పుడు ఎంత ఇవ్వాలన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, సగమే అని నేను చెప్పను. కానీ తేల్చుకోవడం అంటూ జరగాలి, చెల్లి కూడా ఆ కూర్చున్న చోట ఉండాలి, తేలింది కాగితం మీదికి రావాలి. ఇంకో చెల్లి అడిగింది, "మా అయ్య లేడు, ఇప్పుడు ఎవరు రాస్తారు?" అని. ఇక గిఫ్ట్ లేదమ్మా, వారసత్వమే. మీ గూడెంలో ఇంతకు ముందు ఏ ఆడపిల్లకైనా భూమి వచ్చిన దాఖలాలుంటే పోగుచెయ్యి, న్యాయ సేవా కమిటీకి వెళ్లు. 2025 జులై తీర్పు నీకు తోడుగా ఉంది.

మా హాస్టల్ అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. ఆమె ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. చెరువు కింద ఎకరం ఇంకా ఆమె చేతికి రాలేదు. బాబాయి ఈ మధ్య కొంచెం మెత్తబడ్డాడట. ఆయనకూ ఇద్దరు కూతుళ్లే.

మా అయ్య ఉన్నాడు. ఆ భూమి మీద ఆయనకు జీవితకాల అనుభవ హక్కు ఇస్తూ నేనే కాగితం రాసి రిజిస్టరు చేయించాను. ఆ రోజు ఆఫీసులో వేలిముద్ర వేస్తూ, "ఇప్పుడు నువ్వు నాకు ఇస్తున్నావా?" అని నవ్వాడు. ఈసారి కాగితం మొత్తం నేను ఆయనకు చదివి వినిపించాను. రెండుసార్లు.